కత్తి చూడగానే కాళ్లు ఆడలా, నేను పిరికోడినా?

మొన్న రాత్రి కావలి ట్రంకురోడ్డులో టీ తాగుతుంటే ఇద్దరొచ్చి ఒకతని మీద కత్తెత్తారు, ఇరవైమందిమి ఉన్నాం ఒక్కరం కదల్లా, నేను గ్లాసు పట్టుకుని అట్నే నిలబడిపోయినా, చివరికి అరటిపండ్ల బండామె రాయెత్తుకుని కేకలేస్తా ముందుకొస్తే వాళ్లు పారిపోయారు. అప్పట్నుంచి నిద్ర పట్టట్లా.

ఒంగోలు నుంచి: తమ్ముడూ, భయానికి ఒళ్లు బిగుసుకుపోవడం నీ చేతుల్లో లేదు. 1968లో అమెరికాలో డార్లీ, లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్ష పెట్టారు, పక్క గదిలో ఒకడికి ఫిట్స్ వచ్చినట్టు వినిపిస్తే, వినేది తానొక్కడే అనుకున్నోళ్లలో 85 శాతం సాయం కోసం లేచారు, ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకుంటే 31 శాతమే. గుంపులో ఎవురో ఒకరు చూస్తార్లే అనుకుంటాం.

గూడూరు నుంచి: అది సరే అన్నా, ఇట్టాంటప్పుడు నిలబడి వీడియో తీసేవాళ్ల సంగతేంది? 112కి ఫోన్ కొట్టడానికి ధైర్యం కూడా అక్కర్లా. నాకు ఒళ్లు మండేది అక్కడే.

కందుకూరు నుంచి: కేసవుద్దని ఆగేవాళ్లకి ఒక మాట, ఎదుటి మనిషిని కాపాడే హక్కు మన నేరాల చట్టం, భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్‌లోనే ఉంది. అవసరానికి మించి కొట్టకూడదు, అంతే.

అడిగినతను: రేపు ఆమె బండి దగ్గరకి పోతా. ఏం మాట్లాడాలో తెలీట్లా.