హన్మకొండ నుంచి కారులో సాలార్‌జంగ్ మ్యూజియానికి: బండి ఎక్కడ పెట్టాలి, సిటీల ఎట్ల తిరగాలి?

వడ్డేపల్లి కట్ట అడిగినది:

అన్నలకు, అక్కలకు నమస్తే. పిల్లలకు సెలవులు వచ్చినయి. ఒక్క రోజు హైదరాబాద్ పోయి సాలార్‌జంగ్ మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్‌ల ఉన్న స్టేట్ మ్యూజియం, బిర్లా సైన్స్ మ్యూజియం మూడూ చూపించి రాత్రికి ఇల్లు చేరాలని ఉంది. ఆరుగురం: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు (7, 11 ఏండ్లు), అమ్మ, నాన్న. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాలుగు మెట్లు ఎక్కితే కూర్చోవాలె. మా బండి ఏడు సీట్లది.

కారు దారుషిఫా (సాలార్‌జంగ్ మ్యూజియం ఉన్న చోటు) దాకా తీసుకపోవచ్చా, లేక ఉప్పల్ దగ్గరనే పెట్టి మెట్రో ఎక్కాలా? పాతబస్తీల పార్కింగ్ ఎట్లుంటది? మూడూ ఒక్క రోజుల అయితయా? శుక్రవారం నాకు సెలవు దొరుకుతది, ఆ రోజు పోదామనుకుంటున్న.

---

కాజీపేట జంక్షన్:

ముందుగాల ఆ శుక్రవారం ఆలోచన పక్కకు పెట్టు తమ్మీ. సాలార్‌జంగ్‌కు శుక్రవారమే వారపు సెలవు. స్టేట్ మ్యూజియానికీ శుక్రవారమే. చౌమహల్లా, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం కూడా అంతే. మన దిక్కు నుంచి పోయి గేటు దగ్గర తాళం చూసి తిరిగొచ్చేటోళ్లల్ల సగం మంది సోమవారం సెలవనుకొని శుక్రవారం పోయినోళ్లే. ఆదివారం తెరిచే ఉంటది గని లోపల జనం ఒత్తిడి ఎక్కువ. శనివారం మేలు. ఇంకా మేలు కావాల్నంటే మంగళవారమో బుధవారమో సెలవు పెట్టు.

ఇగ కారు సంగతి. జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ దాకా రోడ్డు సాఫీగ పోతది. అసలు కథ నారపల్లి కాడ మొదలైతది. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులతోని మేడిపల్లి, పీర్జాదిగూడ, బోడుప్పల్ మీదుగ రోడ్డు ఇరుకు. పొద్దున 8:30 లోపు ఉప్పల్ చౌరస్తా దాటేటట్టు చూసుకో. అంటే హన్మకొండల 6 కంటే ముందే బండి కదలాలె. గంట ఆలస్యంగ బయల్దేరితే ఆ ముక్కలనే ఇంకో అరగంట పోతది.

ఉప్పల్ చౌరస్తాల ఎడమకు, నాగోల్ దిక్కు తిరుగు. సుమారు 2 కిలోమీటర్లు పోతే నాగోల్ మెట్రో స్టేషన్. ఆ వైపు పెద్ద పార్కింగ్ అదే. ఒకప్పుడు ఫ్రీ, 2024 నుంచి పైసలు తీసుకుంటున్నరు. పనిరోజుల్ల ఆఫీసులకు పోయేటోళ్ల బండ్లతోని పొద్దుగాలనే నిండుతది. శని, ఆదివారాలు ఇబ్బంది ఉండది. బండి పెట్టినంక చీటీని, వరుసను ఒక ఫోటో తీసుకో. రాత్రి చీకట్ల ఒక్క తీరు తెల్ల కార్లల్ల నీ కారు ఎక్కడుందో వెతుక్కునే పని తప్పుతది.

అక్కడి నుంచి నీలం లైన్ ఎక్కి ఎనిమిదో స్టేషన్ పరేడ్ గ్రౌండ్స్‌ల దిగాలె. దానికి ఆనుకొనే ఆకుపచ్చ లైన్‌ది జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) పరేడ్ గ్రౌండ్ స్టేషన్ ఉంటది, బయటికి రాకుండనే లోపల్నుంచి నడవొచ్చు. ఆకుపచ్చ లైన్‌ల మళ్లీ ఎనిమిది స్టేషన్లు పోతే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్). మారే టైముతో కలిపి ముప్పావు గంట, మహా అయితే 50 నిమిషాలు. చాలామంది మ్యాప్‌ల చూసి అమీర్‌పేట దాకా పోయి ఎరుపు లైన్‌కు మారుతరు. అది చుట్టు. అమీర్‌పేటల తోపులాట కూడ ఎక్కువ, అమ్మతోని ఆ దారి పెట్టుకోకు.

ఇంకొక్కటి. పాతబస్తీ మెట్రోల సాలార్‌జంగ్ మ్యూజియం పేరుతోనే స్టేషన్ అనుకున్నరు, గని ఆ ముక్క ఇంకా నడుస్తలేదు. ఇప్పటికి ఎంజీబీఎసే ఆఖరు. అక్కడి నుంచి మూసీ దాటి ఒకటి, ఒకటిన్నర కిలోమీటర్లు. మీరిద్దరే అయితే నడవొచ్చు. అమ్మ ఉంది కాబట్టి ఆటో.

---

స్టీరింగ్ పట్టినోడు:

పై అన్న చెప్పింది నలుగురు కుర్రాళ్లకైతే నూటికి నూరు పాళ్లు కరెక్ట్. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో నాగోల్‌లో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి, ఎంజీబీఎస్‌లో దిగి, మళ్లీ ఆటో ఎక్కడమంటే నాలుగు చోట్ల దిగుడు, ఎక్కుడు. లిఫ్టులు అన్ని స్టేషన్లలో ఉన్నాయి, కాదనను. కాకపోతే రోడ్డు నుంచి టికెట్ అంతస్తుకు ఒక లిఫ్టు, అక్కడి నుంచి ప్లాట్‌ఫామ్‌కు ఇంకో లిఫ్టు. రెండింటి మధ్య నడక తప్పదు. పైగా ఆరుగురికి రెండు ఆటోలు కావాలి. బస్టాండు ముందున్న ఆటోలు ఇంత దగ్గరి బేరానికి ఒప్పుకోవు, ఒప్పుకున్నా మీటరు వేయవు. యాప్‌లో ఆరు సీట్ల బండి బుక్ చేసుకుంటేనే నయం.

కారులోనే వెళ్లాలనుకుంటే: ఉప్పల్ చౌరస్తా నుంచి నేరుగా రామంతాపూర్, అంబర్‌పేట ఫ్లైఓవర్ (2025 ఫిబ్రవరిలో తెరిచారు), చాదర్‌ఘాట్, అక్కడ మూసీ దాటి దారుషిఫా. సుమారు 12 కిలోమీటర్లు. శనివారం ఉదయం 9 లోపు అయితే 40 నిమిషాలు, 10 దాటితే ఎంతన్నది చెప్పలేం. నయాపూల్ మీదుగా వెళ్లమని ఫోన్ చెప్పినా వినకండి. మదీనా చౌరస్తా వైపు ఇరుక్కుంటే వెనక్కి తిప్పే జాగా దొరకదు.

పార్కింగ్‌లో జనం చేసే తప్పు ఒకటే: అందరూ దిగేదాకా, టికెట్ కొనేదాకా కారును గేటు ముందు రోడ్డు మీదే నిలబెట్టడం. ట్రాఫిక్ వాళ్లు చక్రానికి తాళం వేసి పోతారు. చలానా కట్టి, వాళ్లు వచ్చి తాళం తీసేసరికి గంట గడిచిపోతుంది. పద్ధతిగా చేయాలంటే పెద్దవాళ్లను, పిల్లలను గేటు దగ్గర దించండి. వాళ్లతో ఇంకొకరు దిగి టికెట్ల క్యూలో నిలబడాలి. బండి నడిపేవాళ్లు నేరుగా మ్యూజియం పార్కింగ్‌లోకి తిప్పాలి. అది చిన్నది, తెరిచే టైముకు చేరితే దొరుకుతుంది. 11 తర్వాత విహారయాత్ర బస్సులు దిగాక ఆశ వదులుకోండి. నిండిందంటే చుట్టుపక్కల సందుల్లోకి దూరకండి, ఏడు సీట్ల బండి అసలే తిరగదు. మళ్లీ చాదర్‌ఘాట్ వైపు వచ్చి, రుసుము తీసుకుని చీటీ ఇచ్చే చోట పెట్టి ఆటోలో రండి. చీటీ ఇవ్వకుండా చేతిలో పైసలు అడిగేవాడి దగ్గర మాత్రం బండి వదలొద్దు.

చార్మినార్ కూడా చూద్దామనిపిస్తే కారు సాలార్‌జంగ్‌లోనే ఉంచి ఆటోలో వెళ్లండి. చార్మినార్ చుట్టూ బండ్లను రానివ్వరు.

---

వడ్డేపల్లి కట్ట:

శుక్రవారం సంగతి చెప్పి కాపాడినవ్ అన్నా. శనివారానికి మార్చిన. ఇప్పుడు రెండు దార్ల మధ్య తేల్చుకోలేకపోతున్న. పొద్దున కారులోనే సాలార్‌జంగ్ పోతే, మధ్యాహ్నం పబ్లిక్ గార్డెన్స్‌కు మళ్లీ కారు తియ్యాల్నా?

---

కాజీపేట జంక్షన్:

తియ్యకు. స్టీరింగ్ అన్న చెప్పింది ఒప్పుకుంటున్న, అమ్మ కోసం పొద్దున కారులనే పో. మధ్యాహ్నం మాత్రం కారు అక్కడనే ఉంచు. ఎంజీబీఎస్ నుంచి ఎరుపు లైన్‌ల మియాపూర్ దిక్కు నాలుగు స్టేషన్లే: ఉస్మానియా మెడికల్ కాలేజీ, గాంధీభవన్, నాంపల్లి, అసెంబ్లీ. పది నిమిషాలు కూడ పట్టది. అదే కారులనైతే అఫ్జల్‌గంజ్, మొజంజాహి మార్కెట్, నాంపల్లి మీదుగ పోవాలె. శనివారం మధ్యాహ్నం ఆ దారి దేవునికి వదిలెయ్యి. అసెంబ్లీ సమావేశాలున్న రోజైతే ఆ చుట్టుపక్కల పోలీసులు బండి ఆపనియ్యరు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిల నుమాయిష్ (పెద్ద ఎగ్జిబిషన్) ఉంటది, సాయంత్రం 4 తర్వాత ఆ రోడ్డు మీద బండి కదలది.

ఒక్కటే మెలిక: మ్యూజియం పార్కింగ్ మ్యూజియంతోపాటే మూసుకుంటది. సాయంత్రం 5 లోపల తిరిగొచ్చి తియ్యాలె. గేటు దగ్గర ముందే అడుగు. ఆ టైముకు రాలేమనిపిస్తే సాలార్‌జంగ్ నుంచి బయల్దేరేటప్పుడే కారు తీసి, మలక్‌పేట వైపు మెట్రో స్టేషన్ దగ్గర పైసల పార్కింగ్ చూసుకొని పెట్టు. మలక్‌పేట కూడ ఎరుపు లైనే, ఎంజీబీఎస్‌కు ఒక్క స్టేషన్ ముందు.

---

పోచమ్మమైదాన్ అక్క:

కారు గురించే మాట్లాడుతున్నరు గని, కారు లేనోళ్లు కూడ ఈ ముచ్చట చదువుతరు, వాళ్ల కోసం రాస్తున్న.

హన్మకొండ బస్టాండు నుంచి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆడవాళ్లకు టికెట్ లేదు. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తున్నది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీల ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే అది. సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే పూర్తి టికెట్ పడతది. తెలంగాణ చిరునామా ఉన్న అసలు కార్డు చేతిల ఉండాలె. ఫోన్‌ల ఫోటో చూపిస్తే కండక్టర్లు ఒప్పుకోరు. జీరో టికెట్ తీసుకోవుడు మరువద్దు, చెకింగ్‌ల అది లేకుంటే జరిమానా.

ఉప్పల్‌ల దిగి మెట్రో ఎక్కుడే తేలిక, స్కైవాక్ మీద నుంచి నేరుగ స్టేషన్‌లకు పోవచ్చు. బస్సు ఎంజీబీఎస్ దాకా పోయేదే అయినా, ఉప్పల్ నుంచి అక్కడికి ట్రాఫిక్‌ల కూర్చునే బదులు మెట్రో నయం. బోర్డు మీద జేబీఎస్ అని ఉంటే ఆఖరు దాకా కూర్చోండి, అక్కడ ఆకుపచ్చ లైన్ మొదటి స్టేషనే ఉంది.

రైలుకైతే ఒక జాగ్రత్త. 2025 జనవరిల చర్లపల్లి టెర్మినల్ మొదలైనంక కొన్ని రైళ్లు అక్కడనే ఆగిపోతున్నయి. చర్లపల్లికి మెట్రో లేదు. టికెట్ తీసుకునేటప్పుడు ఆఖరు స్టేషన్ సికింద్రాబాదా, చర్లపల్లా అని చూసుకోండి. సికింద్రాబాద్‌ల దిగినోళ్లు ఎక్కువ మంది సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రోకు పోతరు, అది నీలం లైన్, మళ్లీ మారాలె. అడిగి సికింద్రాబాద్ వెస్ట్‌కు నడవండి. అది ఆకుపచ్చ లైన్, మారకుండ ఎంజీబీఎస్.

వానకాలంల ఇంకొకటి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే మూసీ పొంగుతది. 2025 సెప్టెంబర్ ఆఖర్ల ఎంజీబీఎస్ బస్టాండులకే నీళ్లొచ్చి బస్సులను మళ్లించిన్రు. గేట్లు ఎత్తిన్రని వార్త వింటే ఆ రోజు సాలార్‌జంగ్ ప్రయాణం పెట్టుకోకండి, కారైనా బస్సైనా.

---

గడియారం ముందు బెంచీ:

లోపలి సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

మూడూ ఒక్క రోజులో కావు. సాలార్‌జంగ్ ఒక్కదానికే కనీసం మూడున్నర గంటలు. మ్యూజియం 10 నుంచి 5 వరకు. బ్యాగులు లోపలికి రానివ్వరు, కౌంటర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. ఆరుగురి సామాను ఒక్క బ్యాగులోనే సర్దితే తిరిగి తీసుకునేటప్పుడు క్యూ తగ్గుతుంది. మీ అమ్మగారి కోసం టికెట్ కౌంటర్ దగ్గరే చక్రాల కుర్చీ అడగండి. లోపలికి వెళ్లాక అడిగితే మళ్లీ వెనక్కి రావాల్సి వస్తుంది.

జనం చేసే పొరపాటు మొదటి గది నుంచి వరుసగా చూసుకుంటూ పోవడం. మధ్యాహ్నానికి కాళ్లు లాగేస్తాయి, మంచివన్నీ మిగిలిపోతాయి. తెరవగానే ముసుగు రెబెకా దగ్గరికి వెళ్లండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ. రాతిలోనే పల్చటి ముసుగు, దాని వెనక ముఖం కనిపిస్తాయి. జనం లేనప్పుడు పక్క నుంచి చూస్తేనే ఆ ముసుగు అంచు తెలుస్తుంది. తర్వాత మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా జంట బొమ్మ. ఒకే దుంగ, ముందు వైపు మగమనిషి, వెనక అద్దంలో ఆడమనిషి. పిల్లలు అక్కడి నుంచి కదలరు.

11:40కల్లా సంగీత గడియారం దగ్గరికి రండి. ప్రతి గంటకూ చిన్న గడ్డపాయన బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. 12కు పన్నెండు దెబ్బలు కాబట్టి జనమంతా ఆ వేళకే చేరతారు. 11:50 దాటితే బెంచీలు దొరకవు, వెనక నిలబడితే ఏడేళ్ల పిల్లకు ముందున్నవాళ్ల వీపులే కనిపిస్తాయి. 12 తప్పిపోతే ఒంటిగంట దాకా ఆగకండి, ఒక్క దెబ్బతో అయిపోతుంది. తర్వాత ఆయుధాలు, దంతపు బొమ్మలు చూసి 1:30కు బయటపడొచ్చు.

మధ్యాహ్నానికి స్టేట్ మ్యూజియం, బిర్లా రెండింట్లో ఒకటే పెట్టుకోండి. స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ, అజంతా చిత్రాల నకళ్లు ఉన్నాయి, గంటన్నర చాలు. మీ పిల్లల వయసుకైతే నా ఓటు బిర్లాకే. అక్కడున్న కోటసారస్ డైనోసార్ ఎముకలగూడు మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితే దొరికింది, 44 అడుగుల పొడవు. కాకపోతే అది నౌబత్ పహాడ్ గుట్ట మీద ఉంది. అసెంబ్లీ స్టేషన్ నుంచి నడిస్తే ఎత్తు ఎక్కాలి, మీ అమ్మగారి వల్ల కాదు. పైదాకా తీసుకెళ్తానన్న ఆటోనే మాట్లాడుకోండి. కింద దించి పోయేవాళ్లున్నారు. ప్లానెటేరియం తెలుగు షో ఎన్ని గంటలకో వెళ్లగానే కౌంటర్‌లో అడిగి, దాని ప్రకారం మిగతావి చూడండి.

---

వడ్డేపల్లి కట్ట:

చాలా థ్యాంక్స్. శనివారం 5:45కు బయల్దేరుడు, కారు సాలార్‌జంగ్ దాకా, మధ్యాహ్నం బిర్లా. స్టేట్ మ్యూజియం ఇంకోసారి. 1:30కు కారు తీసి మలక్‌పేటల పెడత.

---

స్టీరింగ్ పట్టినోడు:

మలక్‌పేటలో పెడితే తిరుగు ప్రయాణానికి ఇంకో లాభం ఉంది. రాత్రి ఉప్పల్ వైపు రావద్దు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఘట్‌కేసర్‌లో దిగండి. దూరం కాస్త పెరుగుతుంది, టోల్ కూడా పడుతుంది. కానీ బోడుప్పల్, మేడిపల్లి తప్పుతాయి. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ముందు రోజే చూసుకోండి.