గ్రబ్ రెస్క్యూ అని నల్ల తెర వచ్చి ఆగిపోయింది, లోపల పెళ్ళి కార్డుల ఫైళ్ళున్నాయి

చిక్కడపల్లి డీటీపీ:

నమస్కారమండి. చిక్కడపల్లిలో నాకు చిన్న డీటీపీ షాపుంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు చేస్తాను. సిస్టమ్ పాతది: 500 జీబీ హార్డ్ డిస్క్, 32 బిట్ విండోస్ 7. మార్చమని అందరూ అంటారు. పదిహేనేళ్ళ పని మొత్తం పేజ్‌మేకర్‌లో "అను" అనే తెలుగు ఫాంట్లతో ఉంది, అది యూనికోడ్ కాదు. ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే గణపతి శ్లోకం కూడా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది.

నిరుడు మా మేనల్లుడు అమీర్‌పేటలో కోర్సు చేస్తూ మా ఇంట్లోనే ఉన్నాడు. "అత్తా, రాత్రిపూట నేను వాడుకుంటా" అని ఇదే డిస్క్‌లో లినక్స్ మింట్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడు. అప్పటినుంచి స్విచ్ వేయగానే ఒక మెనూ. బాణం కిందికి జరిపి విండోస్ ఎంచుకోవాలి, పది సెకన్లు దాటితే మింట్‌లోకి పోతుంది. పొద్దున షట్టర్ తీసి, దేవుడికి అగరుబత్తి వెలిగించి వచ్చేలోపు పోయేది. రోజూ ఇదే గోల.

వాడు బెంగళూరు వెళ్ళి ఆరు నెలలైంది. నిన్న డీ డ్రైవ్ నిండిపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. పేరూ అక్షరమూ లేని 80 జీబీ ముక్క కనిపించింది. వాడిదే కదా అని డిలీట్ వాల్యూమ్ కొట్టాను. దాన్ని డీ డ్రైవ్‌కి కలిపేలోపు కరెంటు పోయింది. వచ్చాక ఆన్ చేస్తే "ఎర్రర్: నో సచ్ పార్టిషన్", కింద "గ్రబ్ రెస్క్యూ". అంతే, ముందుకు పోవట్లేదు.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నాడు. శుక్రవారానికి ఛత్తా బజార్ ప్రెస్సుకి మూడు కార్డుల ఫైళ్ళు పంపాలి. బ్యాకప్ ఉందా అని దయచేసి అడగకండి.

ఉప్పల్ కుర్రాడు:

సింపుల్ ఆంటీ. ఏదైనా లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే సిస్టమ్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, డిస్క్ మొదటి సెక్టార్ 512 బైట్లూ సున్నాలు చేసేయండి. ఆ మెనూ చూపించే గ్రబ్ పోతుంది.

మల్కాజిగిరి మదర్‌బోర్డ్:

మేడమ్, పై సలహా పాటించకండి. తమ్ముడూ, ఆ 512లో మొదటి 446 బైట్లే బూట్ కోడ్, అంటే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్. తర్వాతి 64 బైట్లు పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసిన పట్టిక), చివరి 2 గుర్తు కోసం. మొత్తం చెరిపితే గ్రబ్‌తో పాటు ఆవిడ సీ, డీ డ్రైవ్‌ల చిరునామాలు కూడా పోతాయి.

మీ ఫైళ్ళకు ఏమీ కాలేదు. పాత బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) మెషిన్లలో గ్రబ్ ఒకే చోట ఉండదు. చిన్న ముక్క డిస్క్ మొదటి సెక్టార్‌లో, కొంచెం పెద్దది దాని వెనకున్న ఖాళీలో, మెనూ, మాడ్యూళ్ళు మాత్రం మింట్ పార్టిషన్‌లో. మీరు తీసేసింది ఆ చివరిదాన్ని. గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, తాళాల గుత్తి ఉన్న గది లేదు. విండోస్ ఎక్కడుందో అక్కడే ఉంది, దాన్ని పిలిచేవాడే లేడు.

విండోస్ 7 డీవీడీ వెతకండి. మీది 32 బిట్ కాబట్టి డీవీడీ కూడా 32 బిట్‌దే కావాలి, లేకపోతే రిపేర్ ఒప్పుకోదు. ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కి (బోర్డును బట్టి ఎఫ్8, ఎఫ్11 లేదా ఎఫ్12) డీవీడీ ఎంచుకోండి. భాష అడిగాక పెద్దగా "ఇన్‌స్టాల్ నౌ" కనిపిస్తుంది, దాని జోలికి వెళ్ళకండి. ఎడమవైపు కింద చిన్నగా "రిపేర్ యువర్ కంప్యూటర్" ఉంటుంది. అందులో విండోస్ 7ని ఎంచుకుని, చివరున్న కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. బూట్‌రెక్ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్, దానికి ఆనుకుని ఫిక్స్‌ఎంబీఆర్. ఇంగ్లీషులో చిన్న అక్షరాలు చాలు. ఇది బూట్ కోడ్ మాత్రమే మార్చి రాస్తుంది, పార్టిషన్ టేబుల్‌ను ముట్టుకోదు. విజయవంతమైందని ఒక లైన్ వస్తుంది. డీవీడీ తీసి రీస్టార్ట్ చేయండి. "మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్" అని వస్తే కంగారు పడకండి, విండోస్ పార్టిషన్‌ను యాక్టివ్ చేయాలి. అది వస్తే చెబుతాను.

ఇంకో మాట. ఆ 80 జీబీ ఖాళీలో ఇప్పుడే ఏమీ వేయకండి, డీ డ్రైవ్‌కి కలపకండి. మీరు చెరిపింది టేబుల్‌లో దాని ఎంట్రీని, లోపలి డేటాను కాదు. మీ మేనల్లుడి ఫైళ్ళు టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తిరిగి వచ్చే అవకాశం బాగా ఉంది. వాడిని అడిగే డిలీట్ చేశారా?

చిక్కడపల్లి డీటీపీ:

అడగలేదు. అడిగితే వద్దంటాడని.

డీవీడీ అటక మీద పాత పంచాంగాల కింద దొరికింది. అది వేద్దామంటే డ్రైవ్ ట్రే తెరుచుకోదు! చివరికి ముందున్న చిన్న కన్నంలో జెమ్ క్లిప్పు నిటారుగా చేసి గుచ్చితే బయటికొచ్చింది. మీరు చెప్పినట్టే చేశాను, "ఇన్‌స్టాల్ నౌ" మీద వేలు పెట్టి కప్పుకున్నాను. మెనూ లేకుండా నేరుగా విండోస్‌లోకి వెళ్ళింది. పేజ్‌మేకర్ తెరిచి మూడు కార్డులూ చూసుకున్నాకే మధ్యాహ్నం భోజనం చేశాను.

రాత్రి వాడికి ఫోన్ చేసి చెప్పేశాను. రెండు నిమిషాలు మాట్లాడలేదు. ప్రాజెక్టు రిపోర్టు అందులోనే ఉందట. ఆదివారం వచ్చి టెస్ట్‌డిస్క్ నడుపుతానన్నాడు. అప్పటిదాకా ఆ ఖాళీని నేను ముట్టుకోను.

ఒక సందేహం: మింట్‌లోకి పోయి వచ్చిన ప్రతిసారీ విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి ఉండేది. బ్యాటరీ అని రెండుసార్లు మార్పించాను. ఇప్పుడు సరిగ్గా ఉంది, ఎందుకు?

మల్కాజిగిరి మదర్‌బోర్డ్:

బ్యాటరీల డబ్బులు మేనల్లుడి దగ్గర వసూలు చేయండి. మదర్‌బోర్డ్ గడియారంలో ఉన్నది గ్రీనిచ్ టైమని లినక్స్ అనుకుంటుంది, మన టైమే అని విండోస్ అనుకుంటుంది. మనకూ గ్రీనిచ్‌కూ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. మింట్‌లో ఒక సెట్టింగ్ మారిస్తే పోయేది.

వాడికి మళ్ళీ లినక్స్ కావాలంటే సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో చిన్న ఎస్‌ఎస్‌డీ కొనుక్కోమనండి. మీ డిస్క్ కేబుల్ పీకేసి, ఆ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే పెట్టి ఇన్‌స్టాల్ చేయాలి, అయ్యాక మీది తిరిగి తగిలించాలి. ఎవరి బూట్‌లోడర్ (గ్రబ్ లాంటిది) వాళ్ళ డిస్క్‌లో ఉంటుంది. బయోస్‌లో మీ డిస్క్‌ని ముందు పెట్టుకుంటే, కావలసినప్పుడు బూట్ మెనూ కీ నొక్కేది వాడే. మీ అగరుబత్తి నిదానంగా వెలిగించుకోవచ్చు.

బోయిన్‌పల్లి బైట్:

కొత్త మెషిన్ కొంటారేమో, అందుకని రాస్తున్నా. వాటిలో పాత బయోస్ బదులు యూఈఎఫ్ఐ ఉంటుంది, ఈ మొదటి సెక్టార్ గొడవ ఉండదు. ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్‌లో ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. గ్రబ్ చెడినా బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే సాధారణంగా పని అయిపోతుంది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం దాని 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. మీ 32 బిట్ విండోస్ 7 యూఈఎఫ్ఐలో నేరుగా బూట్ అవదు. కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్‌బాక్స్‌లో వేసుకుని పేజ్‌మేకర్ అందులో నడపండి, ఏ మెనూ అవసరం లేదు.

ఉప్పల్ కుర్రాడు:

సారీ ఆంటీ, 446 సంగతి నాకు తెలీదు. కార్డులు టైముకి వెళ్ళాయా?

చిక్కడపల్లి డీటీపీ:

వెళ్ళాయి బాబూ. ఒకదాంట్లో పెళ్ళికొడుకు ఇంటిపేరుకి ఒత్తు పోయింది. అది గ్రబ్ తప్పు కాదులే, నాదే.