ఫిలిప్పీన్స్ పీబీఏ: ఏడాదికి ముగ్గురు విజేతలా?

ప్రశ్న (తిరుపతి): అన్నా, పిల్లల బాస్కెట్‌బాల్ క్విజ్‌కి పీబీఏ (ఫిలిప్పీన్స్ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ పట్టిక రాస్తాండా. ఒక్కో ఏడాదికి రెండు మూడు పేర్లొస్తాండాయి. ఎట్ల రాయాల?

జవాబు: ఏడాది వారీగా వద్దు, కాన్ఫరెన్స్ (అంటే ఒక సీజన్‌లో జరిగే ఒక్కో టోర్నీ) వారీగా రాయి. 1975లో, అంటే తొలి సీజన్‌లోనే మొదటి రెండూ టొయోటా, మూడోది క్రిస్పా గెలిచాయి. మూడూ ఒకే జట్టు కొడితే గ్రాండ్‌స్లామ్: క్రిస్పా 1976, 1983, శాన్ మిగెల్ 1989, అలాస్కా 1996, శాన్ మిగ్ కాఫీ 2013-14.

ఇంకో జవాబు (చిత్తూరు): లెక్క తప్పేది ఇక్కడే. శాన్ మిగ్ కాఫీ అంటే పాత ప్యూర్‌ఫుడ్స్, తర్వాతి మాగ్నోలియా. శాన్ మిగెల్ బీర్మెన్ వేరే ఫ్రాంచైజీ. పేరుకొక గడి, ఫ్రాంచైజీకొక గడి పెట్టండి.

మొదటి జవాబిచ్చినాయన: 2015-16 ఫిలిప్పీన్ కప్ (ఆ సీజన్‌లో ఒక కాన్ఫరెన్స్) ఫైనల్ వదలొద్దబ్బా! మొదటి మూడు ఆటలూ ఓడి 0-3తో వెనకబడిన శాన్ మిగెల్, అలాస్కాను 4-3తో ఓడించింది. క్విజ్‌కి దానికి మించిన ప్రశ్న లేదు.