అనర్హత పిటిషన్లు తేల్చే అధికారం స్పీకర్ చేతిలోనే ఉండాలా?

గుంటూరు న్యాయవాది (చర్చ ప్రారంభం):

భారత రాష్ట్ర సమితి గుర్తుపై నెగ్గి 2024లో కాంగ్రెస్ పక్షాన చేరారన్న ఆరోపణ ఎదుర్కొన్న పది మంది తెలంగాణ శాసనసభ్యుల వ్యవహారంలో, 2025 జులై 31న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ వారి సభ్యత్వం రద్దు చేయాలన్న అనర్హత పిటిషన్లను మూడు నెలల్లోగా తేల్చాలని స్పీకర్‌ను ఆదేశించింది. ఆ తరువాత ఏ పిటిషన్ ఎలా తేలిందన్నది నేనిక్కడ చర్చకు పెట్టడం లేదు. పిటిషన్లు అందిన ఏడు నెలలకు పైగా కనీసం నోటీసు కూడా జారీ కాలేదన్న సంగతిని, గడువు పెట్టడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం జోక్యం చేసుకోవలసి వచ్చిందన్న సంగతిని మాత్రమే చర్చకు పెడుతున్నాను. ఈ వ్యవస్థను మళ్లీ పరిశీలించాలని అదే తీర్పులో పార్లమెంటును కోర్టు కోరింది. 2020లో మణిపూర్ కేసులో కూడా స్వతంత్ర ట్రిబ్యునల్ గురించి ఆలోచించమని కోర్టు చెప్పింది. పార్లమెంటు కదలలేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రాజకీయం రెండు శిబిరాలుగా చీలిపోయి, అవతలి పక్షం అధికారంలోకి రావడమే అన్యాయమని ఇరువైపులా నమ్మే రోజుల్లో, ఒక శిబిరం టికెట్‌పై నెగ్గి ఆ శిబిరం బలంతోనే కుర్చీ ఎక్కిన వ్యక్తిని న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టడం నిలబడే ఏర్పాటు కాదు. ఆయన వ్యక్తిగా ఎంత మంచివాడైనా కావచ్చు. తీర్పు ఇవ్వకుండా ఊరుకోవడమే తన పార్టీకి అనుకూలమైన తీర్పు అవుతున్నప్పుడు, ఊరుకోవద్దని ఆయనకు చెప్పగల శక్తి ఆ వ్యవస్థ లోపల ఏదీ లేదు. మిగిలినవారు ఏమంటారు?

కరీంనగర్ విశ్రాంత అధ్యాపకుడు:

న్యాయవాది గారూ, మీరు చూపిన లోపం నిజమే గాని, అది రోగం కాదు, రోగ లక్షణమని నా భావన. శాసనసభ్యుడు గోడ ఎందుకు దూకుతున్నాడో ముందు చూడాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతిపక్ష సభ్యుడు గెలిచిన నియోజకవర్గంలో అధికార పార్టీ తరఫున ఓడిపోయిన అభ్యర్థి ‘ఇన్‌ఛార్జ్’గా ఉంటాడు. ఇంటి పట్టాల జాబితా, సిమెంటు రోడ్డు మంజూరు, ఎస్సై బదిలీ వంటివన్నీ ఆయన మాట మీద నడుస్తాయి. ప్రజలు ఎన్నుకున్న సభ్యుడు శంకుస్థాపన శిలాఫలకం మీద పేరు కోసం, ప్రోటోకాల్ కోసం పోట్లాడుకుంటూ కాలం గడుపుతాడు. రెండేళ్లు గడిచాక ఊరివాళ్లే వచ్చి ‘అటు పోతే పనులవుతాయి కదా’ అంటారు. అప్పుడు ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం’ అనే ప్రకటన వెలువడుతుంది, కండువా మారుతుంది.

ఆ మాట సాకు కావచ్చు, కాని సాకుగా పనికొస్తోందంటే దాని వెనుక ఉన్న పరిస్థితి నిజమైనదే. గెలిచిన పక్షానికి అంతా, ఓడిన పక్షానికి ఏమీ లేదు అన్న పద్ధతి ఉన్నంతకాలం, పిటిషన్ మీద తీర్పు చెప్పేది స్పీకరైనా మరెవరైనా ఫిరాయింపు ఆగదు.

గుంటూరు న్యాయవాది:

అధ్యాపకులు గారూ, ఇన్‌ఛార్జ్ వ్యవస్థ గురించి మీరు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే కారణం లోతుగా ఉంది కాబట్టి కాపలా అవసరం లేదని అనలేం. అసలు ఈ కాపలా ఎలా పుట్టిందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

1967 తరువాత రాష్ట్రాల్లో ప్రభుత్వాలు వరుసగా కూలిన అనుభవంతో, 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. మనకైతే 1984 ఆగస్టు ఇంకా గుర్తుంది. నాదెండ్ల భాస్కరరావు వెంట మెజారిటీ ఉందన్న మాట మీద గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని తొలగించారు. సభ్యులను కాపాడుకోవడానికి శిబిరాలు పెట్టవలసి వచ్చింది. నెల తిరిగేసరికి ప్రజాగ్రహం ముందు ఢిల్లీ వెనక్కి తగ్గింది. అలాంటివి మళ్లీ జరగకూడదనే చట్టం వచ్చింది గాని, తీర్పు చెప్పే అధికారాన్ని సభాపతికి ఇచ్చారు.

1992లో కిహోటో హొల్లోహన్ కేసులో ఈ షెడ్యూల్ రాజ్యాంగబద్ధత ప్రశ్న అయిదుగురు న్యాయమూర్తుల ముందుకు వచ్చినప్పుడు, ముగ్గురు స్పీకర్ పదవికున్న ఔన్నత్యాన్ని నమ్మి అధికారాన్ని నిలబెట్టారు. జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ ఎల్.ఎం. శర్మ మాత్రం, సభలో మెజారిటీ మద్దతు ఉన్నంతవరకే పదవిలో ఉండే వ్యక్తి స్వతంత్ర నిర్ణేత కాలేడని విభేదించారు. ఆనాటి మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య. పదేళ్లు తిరిగాక, 2002లో, ఆయనే అధ్యక్షత వహించిన రాజ్యాంగ సమీక్షా కమిషన్ ఈ అధికారాన్ని స్పీకర్ల నుంచి తీసి ఎన్నికల సంఘానికి అప్పగించాలని సిఫారసు చేసింది. అంతకుముందే, 1990లో, దినేశ్ గోస్వామి కమిటీ కూడా ఇదే దారి చూపింది. ఇతర కారణాలపై అనర్హత ప్రశ్న వచ్చినప్పుడు రాష్ట్రంలో గవర్నర్ ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని నిర్ణయించడం రాజ్యాంగంలో ఉన్నదే. ఫిరాయింపు ఒక్కదానికే ఈ ప్రత్యేక ఏర్పాటు ఎందుకు?

ఇంకో సంగతి. స్పీకర్‌గా ఎన్నికైన వ్యక్తి తన పార్టీ సభ్యత్వాన్ని వదులుకుంటే అది ఫిరాయింపు కిందికి రాదని, పదవి దిగాక తిరిగి చేరవచ్చని పదో షెడ్యూల్ అయిదో పేరా చెబుతోంది. చట్టమే తెరిచి పెట్టిన ఆ తలుపు మన శాసనసభల్లో ఆచారంగా మారలేదు. అలాంటి చట్టమేదీ లేని 1967లోనే మన నీలం సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికైన వెంటనే దశాబ్దాల కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆ మాట గుర్తు చేసుకున్నప్పుడల్లా నాకు గర్వమూ కలుగుతుంది, బాధా కలుగుతుంది.

అనంతపురం పాఠకురాలు:

ప్రజలను ఇంత తక్కువగా అంచనా వేయకండి. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచిన 67 స్థానాల్లోంచి 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు, వారిలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. 2019లో తెలుగుదేశానికి మిగిలినవి సరిగ్గా 23 స్థానాలు. ఏ ట్రిబ్యునల్ ఇంతకన్నా గట్టి తీర్పు ఇవ్వగలదు?

గుంటూరు న్యాయవాది:

అమ్మా, ఆ అంకెల పోలిక మనసుకు బాగానే ఉంటుంది గాని, ఓటరు ఒక్క విషయం మీద ఓటు వేయడు. వెళ్లిన 23 మందిలో ఒకరైన గొట్టిపాటి రవికుమార్ 2019 గాలిలోనూ అద్దంకిలో తెలుగుదేశం గుర్తుపై నెగ్గారు. తెలంగాణలో 2019లో కాంగ్రెస్ నుంచి తెరాసలోకి (తెలంగాణ రాష్ట్ర సమితి, తరువాత భారత రాష్ట్ర సమితి) వెళ్లిన సబితా ఇంద్రారెడ్డి, సుధీర్ రెడ్డి 2023లో మహేశ్వరంలో, ఎల్బీ నగర్‌లో తిరిగి గెలిచారు, ఆ జట్టులోని చాలామంది ఓడిపోయారు. కాబట్టి ప్రజలు ఒకచోట శిక్షిస్తారు, ఒకచోట క్షమిస్తారు. అది వారి హక్కు. కాని అయిదేళ్ల తరువాత వచ్చే ఆ తీర్పు, ఆ అయిదేళ్లలో సభకు జరిగిన నష్టాన్ని పూడ్చలేదు.

ఆ నష్టం ఎలాంటిదో చూడండి. తన సభ్యులను చేర్చుకున్న తీరుకు నిరసనగా వైఎస్సార్ కాంగ్రెస్ 2017 చివరి నుంచి సభకు వెళ్లడం మానేసింది. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు, తన కుటుంబాన్ని సభలో అవమానించారంటూ, ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని చెప్పి బయటికి నడిచారు. 2024లో 11 స్థానాలకు పరిమితమైన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రతిపక్ష హోదా కోరుతూ మళ్లీ దూరంగా ఉంది. మూడు సందర్భాల్లో ఎవరి వాదనలో ఎంత న్యాయముందో వేరుగా చర్చించుకోవచ్చు. మూడు శాసనసభల్లో వరుసగా ప్రధాన ప్రతిపక్ష నాయకుడు లేని సభ బడ్జెట్లు ఆమోదించిందన్నది మాత్రం ఏ పార్టీ అభిమానీ కాదనలేని విషయం. 2024 నవంబరులో ప్రజా పద్దుల కమిటీ ఎన్నికను కూడా ప్రతిపక్షం బహిష్కరించింది, అధ్యక్ష పదవి అధికార కూటమిలోని జనసేన సభ్యుడికి వెళ్లింది. ప్రభుత్వ ఖర్చును ప్రశ్నించే పెద్ద సాధనాల్లో ఒకటి ప్రభుత్వ పక్షం చేతిలోనే మిగిలింది.

హైదరాబాద్ పరిశోధక విద్యార్థిని:

ఇక్కడ అందరూ స్పీకర్ గురించే మాట్లాడుతున్నారు గాని, ఈ చట్టం పార్టీలను ఏం చేసిందో నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. ఒకరిద్దరు పోతే ఫిరాయింపు, మూడింట రెండు వంతులు కలిసి పోతే ‘విలీనం’ అన్న నాలుగో పేరా వల్ల, చిల్లరగా కొనడం నేరమై టోకుగా కొనడం సక్రమమైంది. 2016లో తెలంగాణలో తెలుగుదేశానికి ఉన్న 15 మందిలో 12 మంది తెరాసలో విలీనమయ్యారు. 2018లో కాంగ్రెస్ 19 స్థానాలు గెలిచింది, ఉత్తమ్ కుమార్ రెడ్డి లోక్‌సభకు ఎన్నికై రాజీనామా చేయడంతో 18 అయ్యాయి, వెంటనే 2019 జూన్‌లో సరిగ్గా 12 మంది విలీనమయ్యారు. ప్రతిపక్ష నేత హోదా పోయింది. మరో అయిదేళ్లకు అదే అనుభవం తెరాస వారసురాలైన పార్టీకి ఎదురైంది. ప్రతి పక్షమూ తనకు జరిగినదాన్నే తాను చేయడానికి సమర్థనగా వాడుకుంటోంది. ‘మీరు చేసినప్పుడు లేని నీతి ఇప్పుడెందుకు?’ అన్న ప్రశ్న దగ్గర ప్రతి వాదనా ఆగిపోతోంది.

రెండో వైపు, విప్ (సభలో ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందన్న భయంతో పార్టీలో ఉంటూ విభేదించే సభ్యుడు మాయమయ్యాడు. అధినాయకుడితో ఏకీభవించకపోతే నోరు మూసుకోవాలి, లేదా గంపగుత్తగా బయటికి నడవాలి. మధ్యలో నిలబడే చోటు లేదు. మహారాష్ట్రలో 2022లో శివసేన చీలినప్పుడు పార్టీ పేరు, గుర్తు, విప్ నియామకం అన్నీ వివాదమయ్యాయి. గవర్నర్ బలపరీక్ష కోరడం తప్పని 2023 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జనవరిలో స్పీకర్ ఇరువర్గాల్లో ఎవరినీ అనర్హులుగా ప్రకటించలేదు. లోపల విభేదానికి చోటు లేని పార్టీ ఒక్కసారిగా రెండు ముక్కలవుతుంది. స్థిరత్వం కోసం తెచ్చిన చట్టం పార్టీకి కూడా స్థిరత్వం ఇవ్వలేదు. విప్‌ను విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకూ ద్రవ్య బిల్లులకూ పరిమితం చేయకుండా కేవలం న్యాయనిర్ణేతను మార్చితే, అధినాయకుల చేతికి మరింత పదునైన కత్తి ఇచ్చినట్టే అవుతుంది.

కరీంనగర్ విశ్రాంత అధ్యాపకుడు:

విద్యార్థిని గారి మాటకు నాదొకటి చేరుస్తాను. ఎన్నికల సంఘానికి అప్పగిస్తే సరిపోతుందన్న నమ్మకం నాకు లేదు. 2023 చట్టం ప్రకారం కమిషనర్లను ఎంపిక చేసే ముగ్గురిలో ప్రధానమంత్రి, ఆయన సూచించిన కేంద్రమంత్రి ఉంటారు, ప్రతిపక్ష నేత ఒక్కరే మిగులుతారు. రెండు శిబిరాల రాజకీయంలో ఏ కొత్త కుర్చీ వేసినా, దానిలో ఎవరిని కూర్చోబెట్టాలన్న పోరు మొదలవుతుంది. ట్రిబ్యునల్‌ను కూడా ‘వారి ట్రిబ్యునల్’ అంటారు.

గుంటూరు న్యాయవాది:

మీ అనుమానం న్యాయమైనదే. విప్ పరిధిని కుదించాలన్న విద్యార్థిని గారి సూచనను కూడా నేను కాదనను, అది ట్రిబ్యునల్‌తో పాటే రావాలి. అయితే పరిపూర్ణమైన నిర్ణేత దొరికేదాకా ఆగుదామంటే, ఆ ఆగడమే ఇన్నాళ్లూ జరిగిన అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఫిబ్రవరి చివరన స్పీకర్ ఎనిమిది మందిని ఒకేసారి అనర్హులుగా ప్రకటించారు, వారిలో నలుగురు వైఎస్సార్ కాంగ్రెస్‌వారు, నలుగురు తెలుగుదేశంవారు. తెలుగుదేశం నలుగురూ ఆ పార్టీకి దూరమై అప్పటికి మూడు, నాలుగేళ్లు దాటింది, మార్చి 16న ఎన్నికల షెడ్యూల్ వచ్చేసింది. ఆ ఉత్తర్వు సరైనదో కాదో అన్న ప్రశ్నకు అప్పటికి విలువే లేదు.

కాబట్టి నిర్ణేత ఎవరన్నది తేలేలోగా చేయదగిన పని ఒకటుంది. పిటిషన్ దాఖలైన రోజు నుంచి తీర్పు వెలువడే వరకు ఆ సభ్యుడు మంత్రి పదవి గాని, కార్పొరేషన్ అధ్యక్ష పదవి గాని, సభా కమిటీ అధ్యక్షత గాని స్వీకరించకూడదని చట్టంలో రాయాలి. తొంభై రోజుల్లో తీర్పు రాకపోతే పిటిషన్ దానంతటదే హైకోర్టుకు చేరాలి. ఈ రెండూ ఉంటే, సనత్‌నగర్‌లో తెలుగుదేశం గుర్తుపై నెగ్గిన తలసాని శ్రీనివాస్ యాదవ్ 2014 డిసెంబరులో తెరాస ప్రభుత్వంలో మంత్రి కావడం గాని, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో నలుగురు ఆ విధంగానే ప్రమాణం చేయడం గాని సాధ్యమయ్యేవి కావు. ఆలస్యం వల్ల లాభం పోతే, ఆలస్యం చేయించే ఒత్తిడీ తగ్గుతుంది.

అనంతపురం పాఠకురాలు:

తొంభై రోజుల గడువుకూ, పదవుల నిషేధానికీ నా మద్దతు ఉంది. కాని తప్పుడు పిటిషన్ వేసి ఒక మంత్రిని పదవి నుంచి దించే ప్రయత్నం జరగదా? అప్పటికే పదవిలో ఉన్నవారికి కాక, పిటిషన్ తరువాత కొత్తగా స్వీకరించే పదవులకే నిషేధం వర్తింపజేయాలి. ఆ ఒక్క మాట స్పష్టంగా రాసుకుంటే, రేపు మా ఎమ్మెల్యే ఏ పార్టీవాడైనా ఆయన ముందు ఈ ప్రతిపాదన పెట్టడానికి నేను సిద్ధమే.