శ్రీలంక తమిళ శరణార్థులు ఇంకా క్యాంపుల్లోనే ఉండాలా?

ప్రశ్న:
1983 జులైలో శ్రీలంకలో తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత పడవల్లో వచ్చినవాళ్లకు తమిళనాడులో క్యాంపులు పెట్టారు. ఇప్పటికీ సుమారు 58 వేల మంది వాటిలోనే ఉన్నారు. పనికి బయటికి వెళ్లొచ్చు, కానీ హాజరు పిలిచే రోజున క్యాంపులో ఉండి తీరాలి. ఈ పద్ధతి కొనసాగాలా?

జవాబు 1:
కొనసాగాలి. 1991లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని ఎలా చంపారో మర్చిపోయామా? ఎవరు ఎక్కడున్నారో ప్రభుత్వానికి తెలియాలి. పైగా క్యాంపులో ఇల్లు, బియ్యం, నెలనెలా డబ్బు ఇస్తున్నారు. బయటికొస్తే అద్దె ఎవరు కడతారు?

జవాబు 2:
అన్నా, 1991 నేనూ మర్చిపోలేదు. మాది సూళ్లూరుపేట. చెన్నై లోకల్ ఎక్కితే దారిలోనే గుమ్మిడిపూండి, అక్కడే ఒక పెద్ద క్యాంపు. రెండేళ్ల కిందట మా ఇంటికి రంగులు వేయడానికి అక్కడి నుంచి ఒకతను వచ్చాడు. తలుపుకు ఒకవైపే ఆయిల్ పెయింట్ పూర్తయింది. బ్రష్ కిరసనాయిల్ డబ్బాలో పెట్టి, "రేపు హాజరు ఉంది సార్, ఎల్లుండి వస్తా" అన్నాడు. శ్రీలంక ఎలా ఉంటుందని అడిగాను. చూడలేదన్నాడు. అతను పుట్టింది క్యాంపులోనే.

అతను ఏం తప్పు చేశాడని ఈ హాజరు? భద్రతే కారణమైతే, క్యాంపుల బయట పోలీస్ స్టేషన్‌లో పేరు నమోదు చేసుకుని బతుకుతున్నవాళ్లు మరో 34 వేల మంది దాకా ఉన్నారు. వాళ్లను నమ్మగలిగిన ప్రభుత్వం వీళ్లనెందుకు నమ్మదు? అనుమానం ఉన్నవాళ్ల కోసం తిరుచ్చిలో ప్రత్యేక క్యాంపు ఎలాగూ ఉంది. అది జైలు ఆవరణలోనే ఉంది. నేరం రుజువు కాకుండా మనుషుల్ని అలా ఉంచడం కూడా నాకు సమ్మతం కాదు, అది వేరే చర్చ.

పదడుగుల గదుల్లో కుటుంబాలు ఏళ్ల తరబడి మగ్గాయి. 2021లో 7,469 ఇళ్లు కట్టిస్తామని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది, మంచిపని. క్యాంపుల పేరు కూడా పునరావాస శిబిరాలని మార్చారు. కానీ పౌరసత్వం మాటేంటి? 2019 పౌరసత్వ సవరణ చట్టంలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ ఉన్నాయి, శ్రీలంక లేదు.

అద్దె ఎవరు కడతారన్నారు. ఆ పెయింటరే కడతాడన్నా. మా తలుపు రెండోవైపు ఎల్లుండి పొద్దున్నే వచ్చి పూర్తి చేశాడు.