పీసీఓఎస్‌కి రాత్రిపూట చికెన్: ముక్క రబ్బరులా అవుతోంది, ఎవరైనా చెప్పండి

కాకినాడ కోడలు:
నాకు పీసీఓఎస్, అదే అండాశయాలు, హార్మోన్ల సమస్య. రాత్రి ప్రొటీన్ ఎక్కువ తినమన్నారు డాక్టర్ గారు. సాయంత్రం నుంచి వంటింట్లోనే ఉన్నాను. జీడిపప్పు, కొబ్బరి మానేసి, నూనె తగ్గించి వండితే గ్రేవీ నీళ్లలా, ముక్క రబ్బరులా వచ్చింది. పిల్లలు ముట్టలేదు. జీవితాంతం ఇదే తినాలా? విసుగొచ్చేసింది.

సిద్దిపేట అన్న:
ఏ ముక్క? ఎలా వండారు? దేంతో తింటున్నారు?

నాటుకోడి ప్రియుడు:
ముందు ఆ ఫారం కోడి మానేయండి. హార్మోన్ ఇంజెక్షన్లతో పెంచుతారు. ఆడపిల్లలకు ఈ సమస్యలన్నీ అందుకే. నాటుకోడి తెచ్చుకోండి.

వెటర్నరీ స్టూడెంట్:
అది అపోహ అండీ. ఫారం కోడి ఆరు వారాల్లో ఎదిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. షెడ్డులో వేల కోళ్లకు సూదులు వేసేదెవరు? భయపడాల్సింది యాంటీబయాటిక్స్ గురించి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని కోళ్లకు, పశువులకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది.

నాటుకోడి ప్రియుడు:
ఎన్ని చెప్పినా నేను నమ్మను.

కాకినాడ కోడలు:
కోళ్ల సంగతి తర్వాత చూద్దామండీ. బోన్‌లెస్ బ్రెస్ట్, కుక్కర్లో ఐదు విజిల్స్. అన్నంతోనే, ఇంకేం తింటాం? మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) కూడా వాడుతున్నాను.

అమలాపురం పిన్ని:
బ్రెస్ట్‌లో కొవ్వు ఉండదు తల్లీ, కుక్కర్లో పెడితే పీచే మిగులుతుంది. స్కిన్‌లెస్ లెగ్ పీసులు తెచ్చుకో. అరకిలోకి నాలుగు చెంచాల గట్టి పెరుగు, అల్లంవెల్లుల్లి, పసుపు, ఉప్పు, కారం పట్టించి గంట ఉంచు. మందపాటి గిన్నెలో రెండు చెంచాల నూనె చాలు. ఉల్లిపాయ బాగా ఎర్రబడ్డాక ముక్కలు వేసి, మూతపెట్టి సిమ్‌లో మగ్గనివ్వు. నీళ్లు పోయకు, ముక్కలోంచే ఊరతాయి. గోంగూర విడిగా మగ్గించి చివర్లో కలుపు. అప్పటికీ పలచగా ఉంటే వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా వెయ్యి. పిల్లలూ ఇదే తింటారు, రెండు వంటలు అక్కర్లేదు.

సిద్దిపేట అన్న:
నూనె కంటే అన్నం దగ్గర జాగ్రత్త. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ముందు చికెన్, కూరగాయలు తిని, అన్నం ఆఖర్న కొంచెం తినండి. షుగర్ ఒక్కసారిగా పెరగదు. మెట్‌ఫార్మిన్ భోజనంతోపాటే, లేదంటే వికారం.

మిల్లెట్ మిత్ర:
అన్నం పూర్తిగా మానేసి రాగి జావ తాగండి.

సిద్దిపేట అన్న:
మెత్తటి పిండితో కాచిన జావ కూడా షుగర్ త్వరగానే పెంచుతుంది.

మిల్లెట్ మిత్ర:
అసలు మీది పీసీఓడీనా, పీసీఓఎస్‌నా? మా అమ్మాయికి స్కాన్ చూసి పీసీఓడీ అన్నారు.

వెటర్నరీ స్టూడెంట్:
పీసీఓడీ అన్నది దీనికే పాత పేరు. పెద్దవాళ్లలో స్కాన్ ఒక్కటే చూసి తేల్చరండీ. నెలసరి తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువ కావడం, స్కాన్‌లో అండాశయాల్లో చిన్న చిన్న బుడగలు ఎక్కువగా కనిపించడం, ఈ మూడింటిలో రెండైనా ఉండాలి.

మిల్లెట్ మిత్ర:
మీరు చదివేది పశువుల డాక్టరీ కదా?

కాకినాడ కోడలు:
లెగ్ పీసులకు పెరుగు పట్టించాను పిన్నీ. గోంగూర దొరకలేదు, చుక్కకూర వేస్తున్నాను. థాంక్స్.

కొత్త సభ్యురాలు:
థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు కూడా ఇలాగే తినొచ్చా?