అప్‌డేట్: మావాడు హోటల్లో దోసె తిన్నాడు!

పోయిన నెల అడిగాను, గుర్తుందా? లుకేమియాకి (బ్లడ్ క్యాన్సర్) కీమో అయిన మా 9 ఏళ్లవాడు హోటల్ దోసె కావాలని ఒకటే గొడవ, బెంగళూరులో ఎక్కడికి తీసుకెళ్లను అని. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) 1500 దాటాక డాక్టరుగారు సరే అన్నారు. పొగలు కక్కే వేడిది మాత్రమే తినాలి, పచ్చి చట్నీ, సలాడ్ వద్దు, జనం ఉండకూడదు.

మీలో ఒకరు చెప్పినట్టే మారతహళ్లిలో మన ఆంధ్రా టిఫిన్ సెంటర్‌కి ముందే ఫోన్ చేశా. "మూడున్నరకి రండమ్మా, అప్పుడు ఈగ కూడా ఉండదు" అన్నాడు ఓనరు. (ఈగ లేకపోవడమే మాకు కావాల్సింది!) వెళ్లేసరికి కిటికీ పక్క టేబులు వేడినీళ్లతో తుడిచి ఉంచారు. పెనం కడిగించి, మావాడి కళ్లముందే నెయ్యి దోసె వేయించారు. చట్నీ బదులు మరుగుతున్న సాంబారు. జుట్టు లేని తల చూసి ఎవరూ అయ్యో పాపం అనలేదు. వంటమాస్టరు మాత్రం తన బట్టతల నిమురుకుని "మనిద్దరం ఒకటే పార్టీరా" అన్నాడు. ఎన్నాళ్లకో పడీపడీ నవ్వాడు మావాడు.

ఒకటిన్నర దోసె లాగించాడు. డబ్బులు వద్దంటే గొడవపడి ఇచ్చొచ్చా. మూడు రోజులైంది, జ్వరం లేదు. ఈసారి పెసరట్టు కావాలట.